కోచ్ డంకన్ మోకాలు

1990 ఆగస్టు. కువైట్‌లో ఎండ ఎప్పటిలాగే నిప్పులు చెరుగుతోంది. ఆ ఏడు నేను అక్కడ ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో ఫిజియోథెరపిస్టుని. దెబ్బ తిన్న కండరాన్ని, బిగుసుకుపోయిన కీలుని మళ్ళీ పనిలోకి తేవడం నా పని. మందులు రాయను, కోతలు కొయ్యను. చేతులతో, ఐసుతో, వ్యాయామంతో నెట్టుకొస్తాను. మా రాయచోటిలో ఇప్పటికీ కొందరు నన్ను "కాళ్ళు పిసికే ఖాదర్" అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు అననిస్తున్నాను, మరీ అబద్ధమేం కాదు కదా.

నా బల్ల మీద పడుకుని లేచిన మోకాళ్ళకు లెక్క లేదు. చాలా వరకు మర్చిపోయాను. ఒక్క మోకాలు మాత్రం కళ్ళు మూసుకుంటే దాని మీది కోత గుర్తులతో సహా కనబడుతుంది. అది మా క్లబ్బు ఆటగాళ్ళలో ఎవరిదీ కాదు, వాళ్ళను ఆడించే కోచ్‌ది. ఆయన పేరు డంకన్, స్కాట్లండు మనిషి.

తండ్రి ఓడలు కట్టే కార్ఖానాలో కూలీ. డంకన్ మీసాలు రాకముందే అక్కడి క్లబ్బులో చేరి, మైదానానికి ఎడమ అంచున పరిగెత్తే ఆటగాడయ్యాడు. మంచి వేగం ఉన్నవాడట. ఆ రోజుల్లో అక్కడ ఒక ఆచారం ఉండేది. దెబ్బ తగిలినా సరే, మేనేజరు అడిగితే "ఫైన్" అనాలి. నొప్పి అని నోరు జారితే మర్నాటికి నీ చొక్కా ఇంకొకడి ఒంటి మీద ఉంటుంది. అందుకని మ్యాచ్‌కి ముందు మోకాల్లో సూది పొడిపించుకుని, నొప్పి తెలియకుండా చేసుకుని, గంటన్నర పరిగెత్తి, తర్వాత వారం రోజులు కుంటేవాడు. అలా కొన్నేళ్ళు గడిచాయి. ఇంకా వయసులో ఉండగానే మోకాల్లోని మెత్తటి గుజ్జు పలక అరిగి ముక్కలైంది. డాక్టర్లు దాన్ని తీసేశారు, దాంతో ఆట కూడా పోయింది.

ఆ తర్వాత కోచింగు నేర్చుకుని, చిన్నా చితకా జట్లను నడిపి, చివరికి మా దగ్గర తేలాడు. ఆటగాళ్ళు ఒంటి సంగతి చెబితే ఒక్క మాట నమ్మేవాడు కాదు. మా డ్రెస్సింగ్ రూము మెట్ల పైన ఉండేది. ఆయన రోజూ కింద నిలబడి ఒక్కొక్కడు దిగడం చూసేవాడు. ఎక్కేటప్పుడు మోకాలు ఎన్ని నాటకాలైనా ఆడుతుంది గానీ దిగేటప్పుడు నిజం కక్కేస్తుంది అని నాకు నేర్పింది ఆయనే. ఎవడైనా దిగుతూ కాస్త తడబడితే వేలు చూపించి "ఖాదర్ దగ్గరికి" అనేవాడు. వాడు ఎంత మొత్తుకున్నా ఆ రోజు వాడికి ఆట లేదు.

ఇంత చేసే మనిషి తన మోకాలు దగ్గరికొచ్చేసరికి మళ్ళీ పాత ఎడమ అంచు కుర్రాడే. అందరూ వెళ్ళిపోయాక నా గదికి వచ్చి బల్లెక్కి పడుకునేవాడు. నేను నొక్కుతూ "ఇక్కడ నొప్పా?" అంటే "ఫైన్". "ఇక్కడ?" "ఫైన్". మోకాలేమో నీళ్ళు చేరి కుండలా ఉండేది. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. "మీరు ఫైన్ అయితే నేనెందుకు, ఇంటికెళ్ళి పడుకుంటాను" అని విసుక్కుంటే నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే మళ్ళీ కోపం నిలిచేది కాదు. నాకు ఆయనంటే చాలా ఇష్టం, ఈ మాట అప్పట్లో ఆయనతో అనలేదు.

ఆగస్టు మొదటి వారంలో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. డంకన్ భార్య, కూతురు సెలవులకని అప్పటికే వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు. సీజను ముందు శిక్షణ కోసం ఈయన ఒక్కడే ఉండిపోయాడు. కొద్ది రోజులకే తెల్లవాళ్ళంతా ఫలానా హోటళ్ళకు వచ్చి హాజరు కావాలని హుకుం వచ్చింది. వెళ్ళినవాళ్ళను ఫ్యాక్టరీల దగ్గర, సైన్యం స్థావరాల దగ్గర బాంబులు పడకుండా అడ్డం పెడుతున్నారని చెప్పుకున్నారు. వాళ్ళను దాచిన వాళ్ళకు ఉరి అని కూడా ప్రకటించారు. మా ఇండియావాళ్ళను మాత్రం అంతగా పట్టించుకోలేదు. ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు, చూపిస్తే చెక్‌పోస్టుల్లో వదిలేసేవాళ్ళు.

డంకన్‌ని నా గదిలో పెట్టుకుందామంటే అర్దియాలో మేం ఉండేది ఒక గదికి ఎనిమిది మంది. అప్పుడు నాకు నరసమ్మక్క గుర్తొచ్చింది. రాయచోటి పక్క పల్లె ఆమెది. సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి. ఆ ఇంటివాళ్ళు ఎండాకాలమని కైరో వెళ్ళి, యుద్ధం రావడంతో అక్కడే చిక్కుకుపోయారు. తాళాల గుత్తితో సహా ఇల్లంతా ఆమె చేతిలో ఉంది. నేను వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఉరి మాటతో సహా.  రేపు మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, వచ్చి అడిగితే ఏం చెప్పాలి అని ఆమె ఒక్కటే అడిగింది. నేను చెబుతాను అన్నాను. అయితే తీసుకురమ్మంది.

డంకన్‌ని పై అంతస్తులో పిల్లల గదిలో ఉంచింది. మంచం చిన్నది, ఆయన పాదాలు బయటికి పొడుచుకొచ్చేవి. ఆమె కాళ్ళ దగ్గర ఒక స్టూలు వేసి దాని మీద దిండు పెట్టింది. ఇద్దరికీ కలిసిన భాషంటే ఓ పాతిక అరబ్బీ మాటలు. ఆమె పళ్ళెం పెట్టి "కుల్, కుల్" అంటే ఆయన తినేవాడు. కారానికి ముక్కు కారుతున్నా అక్కడా "ఫైన్" అనేవాడు. నేను నాలుగైదు రోజులకొకసారి వెళ్ళి కాలికి వ్యాయామం చేయించి, బయటి సంగతులు చెప్పి వచ్చేవాణ్ణి.

సెప్టెంబరులో ఆ వీధి ఇళ్ళు సోదా చేశారు. నరసమ్మక్క గేటు దగ్గర కొంగు నడుముకు దోపుకుని నిలబడి "బాబా మాఫీ, మామా మాఫీ" అని, అంటే ఇంట్లో దొరలెవరూ లేరని, సిపాయిలకు ఎదురుచెప్పింది. వాళ్ళు లోపలికొచ్చి టీవీ మోసుకుని వెళ్ళిపోయారు. ఆ సమయంలో డంకన్ మిద్దె మీద నీళ్ళ ట్యాంకు వెనక గులకరాళ్ళ మీద మోకాళ్ళతో పాకి దాక్కున్నాడు. పాత ఆపరేషను గుర్తు పక్కనే చర్మం చీరుకుపోయింది. ఆయన దాన్ని కడిగి, మడిచిన ప్యాంటు కిందికి లాగి కప్పేసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

తర్వాత చెక్‌పోస్టులు ఎక్కువై చాలా రోజులు నేను అటు వెళ్ళలేకపోయాను. వెళ్ళేసరికి నరసమ్మక్క పొయ్యి మీద పెనం పెట్టి ఉప్పు వేయిస్తోంది. ఏంటక్కా అంటే, కోచ్‌కి మోకాలు వాచింది, రోజూ ఉప్పు కాపడం పెడుతున్నానని చెప్పింది. నీకు చెప్పొద్దని ఆయన మూతి మీద వేలేసుకుని సైగ చేశాడట.  ఎర్రగా వాచిన కీలుకు కాపడం ఏంటని అరిచాను. ఆమె పెనం దించి నా ముఖంలోకి చూసింది.

"నువ్వు రాకపోతివి. ఆయప్ప చెప్పకపోయె. నేనేం చెయ్యల్ల నాయనా, చూస్తా కూచోవాల్నా?"

 పైకి కేకేసి డంకన్‌ని కిందికి రమ్మన్నాను. రెయిలింగు రెండు చేతులా పట్టుకుని, కాలు కర్రలా చాపుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగాడు. తను ఇన్నేళ్ళూ కింద నిలబడి పట్టుకున్న దొంగతనాన్ని ఇప్పుడు తనే చేస్తూ నా చూపు తప్పించుకున్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి ప్యాంటు పైకి మడిచాను. మేము మోకాలు చూసేటప్పుడు అరచేతితో కాదు, చేతి వెనక వైపుతో తాకుతాం, వేడి అక్కడే బాగా తెలుస్తుంది. ముందు మంచి మోకాలు తాకి తర్వాత చెడ్డదాన్ని తాకాను. కాలిపోతోంది. చర్మం నిగనిగలాడుతోంది. ఒళ్ళంతా జ్వరం. ఆయనేమో ఇది పాత నీరే, ఆటల రోజుల్లో ఎన్నోసార్లు వచ్చింది, దానంతటదే తగ్గుతుందన్నాడు.

అది పాత నీరు కాదు. దాన్ని సెప్టిక్ జాయింట్ అంటారు. గాయం గుండా క్రిములు కీలులోకి దిగి చీము పట్టడం. వెంటనే తోడేసి గట్టి మందులు ఎక్కించకపోతే కీలు కుళ్ళిపోతుంది, తర్వాత కాలు తీసేయాల్సి వస్తుంది, ఒక్కోసారి మనిషే దక్కడు. తోడడం డాక్టరు పని, నా చదువు అంతవరకు రాదు. ఆసుపత్రికి తీసుకెళ్దామంటే అక్కడి గేటు దగ్గరే సిపాయిలు. ఇదంతా ఏమీ దాచకుండా ఆయనకు చెప్పాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. రేపు పొద్దున తను ఒంటరిగా బయటికి నడిచి, ఈ వీధికి దూరంగా వెళ్ళి, సిపాయిలకు దొరికిపోతానన్నాడు. పట్టుకున్నాక ఆసుపత్రికి వాళ్ళే తీసుకెళ్తారు, ఎక్కడ దాక్కున్నావంటే ఖాళీ ఇళ్ళలో అని చెబుతాను, మీ ఇద్దరి పేర్లూ బయటికి రావు అన్నాడు. వారం రోజులుగా ఇదే ఆలోచిస్తున్నాడట. నొప్పి దాచిందీ అందుకే. నొప్పి అంటే డాక్టరు, డాక్టరంటే మా మెడకు తాడు అని ఆయన లెక్క. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపం కూడా వచ్చింది. ఈ కాలుతో వీధి చివరిదాకా కూడా నడవలేరు కోచ్ అన్నాను.

నరసమ్మక్క మా ఇద్దరి ముఖాలూ చూస్తూ ఏమంటున్నాడు, ఏమంటున్నాడు అని నా చొక్కా పట్టుకుని లాగుతోంది. చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. మాట మెల్లగా వచ్చింది.

"మామా వాళ్ళు రారని తెలిసినాక ఈ పెద్దింట్లో ఒక్కదాన్నే ఉంటి. భయానికి పొయ్యి గూడా ముట్టియ్యల్యా. రొట్టె ముక్క నీళ్ళలో ముంచుకొని తింటి. ఆయప్ప వచ్చినాకనే వంట చేసినా. చెప్పు నాయనా, ఆయప్ప పోతే నేను ఎవురికి వండల్ల?"

ఈ మాటలు నేను ఇంగ్లీషులో చెప్పాను. ఎంత బాగా చెప్పగలిగానో తెలియదు.  డంకన్ మళ్ళీ వెళ్ళిపోతాననే మాట ఎత్తలేదు.

ఎముకల డాక్టరు ఒకాయన నాకు పరిచయం. హైదరాబాదు మనిషి, సర్కారు ఆసుపత్రిలో పని. మా ఆటగాళ్ళను ఆయన దగ్గరికే పంపేవాణ్ణి. మర్నాడు ఆయన్ని ఆసుపత్రి వరండాలో పట్టుకుని "ఒక మోకాలుంది సాబ్, ఇక్కడికి రాలేదు" అన్నాను. ఎవరిది అని అడగలేదు. జ్వరం ఉందా, కాలు మోపుతున్నాడా, గాయం ఎన్నాళ్ళది, అంతే. మధ్యాహ్నం డ్యూటీ దిగి, సామాను ఒక కూరగాయల సంచిలో వేసుకుని నా కారెక్కాడు. చెక్‌పోస్టులో సిపాయి సంచి పైపైన చూసి, పైనున్న దోసకాయలు తీసుకుని పొమ్మన్నాడు. డాక్టర్ సాబ్ ముఖాన చెమట తుడుచుకుని, దోసకాయలతో పోయిందన్నాడు.

భోజనాల బల్ల మీద శుభ్రమైన దుప్పటి పరిచి డంకన్‌ని పడుకోబెట్టాం. నరసమ్మక్క తల దగ్గర నిలబడి తడిగుడ్డతో నుదురు తుడుస్తోంది. నేను కాలు కదలకుండా పట్టుకున్నాను. మత్తుమందు కొంచెమే దొరికింది. పై చర్మానికి సరిపోతుంది గానీ లోపలి నొప్పి ఆగదు. ఇలా కీలులోకి లావు సూది దించి లోపలున్నది తోడడాన్ని యాస్పిరేషన్ అంటారు. లోపల చీము గూడు కట్టి ఉంటే అది ఎక్కడుందో పేషెంటే చెప్పాలి. డాక్టర్ సాబ్ వేలితో నొక్కుతూ ఇక్కడ నొప్పా అంటాడు, డంకన్ పైకప్పు చూస్తూ "ఫైన్" అంటాడు. ఇక్కడ? "ఫైన్". పెదవి కొరుక్కుని రక్తం వస్తోంది, అయినా ఫైనే.

డాక్టర్ సాబ్‌కి ఓపిక చచ్చిపోయింది. "ఖాదర్ భాయ్, ఈయనకు జర సమజ్ చెయ్యి. చెప్పకపోతే నేను చీకట్ల పొడిచినట్టే. తప్పు జాగల గుచ్చితే కాలు పోతది." నేను అదే ఇంగ్లీషులో చెప్పాను. అరిచాను కూడా. డంకన్ కళ్ళు మూసుకున్నాడు. నాకప్పుడు అర్థమైంది, ఆయన మొండితనం చేయడం లేదు. చిన్నప్పటి నుంచి మూసి మూసి ఉంచిన తలుపు, ఇప్పుడు తీద్దామన్నా తెరుచుకోవడం లేదు.

జ్వరం మొదలైన రోజు నుంచీ నరసమ్మక్క పొద్దున్నే టీ ఇస్తూ తన మోకాలు చూపించి "నొప్పా?" అని అడిగేదట, ఆయన తల అడ్డంగా ఊపేవాడట. ఇప్పుడామె గుడ్డ పక్కన పడేసి, ఆయన గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది. జ్వరమొచ్చిన పిల్లాడికి మందు పోసేటప్పుడు పట్టుకుంటారే, అలా.

"నాకు చెప్పు నాయనా. డాక్టరుకొద్దు, వీనికొద్దు. నాకు చెప్పు. నొప్పా?"

ఆయన ఆమెను చూస్తూ ఉన్నాడు. 

"నొప్పి," అన్నాడు.

తెలుగులోనే అన్నాడు. ఇంగ్లీషులో జీవితంలో ఒక్కసారి కూడా ఒప్పుకోని మాట, తనకు రాని భాషలో నోటికొచ్చింది. ఆ తర్వాత ఆగలేదు. డాక్టర్ సాబ్ వేలు కదిలిన ప్రతిచోటా నొప్పి, నొప్పి అంటూ కళ్ళ వెంట నీళ్ళు కారుస్తూ చెప్పాడు. చిప్ప పైన, బయటి వైపు, ఒకచోట ఆ మాట అరుపైంది. అక్కడే సూది దిగింది. వంటింటి స్టీలు గిన్నెలోకి చిక్కటి చీము వచ్చింది. నరసమ్మక్క ఆయన తలను పొట్టకు అదుముకుని, అయిపోయింది అయిపోయింది, ఖలాస్ అంటూ తనూ ఏడ్చింది. ముగ్గుర్నీ చూస్తే డాక్టర్ సాబ్‌కి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, మూతి తిప్పుకున్నాడు.

తర్వాత ఇంకా కొన్నిసార్లు తోడాల్సి వచ్చింది. నరానికి ప్లాస్టిక్ గొట్టం పెట్టి మందు ఎక్కించడం డాక్టర్ సాబ్ నాకు నేర్పాడు. నా పని కాదు సాబ్ అంటే, ఇప్పుడు ఎవరి పని వాళ్ళే చేస్తే ఊరే మిగలదు అన్నాడు. ఆ రోజుల్లోనే అర్దియాలో నా గదివాళ్ళంతా బస్సుల్లో జోర్డాన్ దారి పట్టారు. నాకూ సీటు వచ్చింది. రోజూ మందు ఎక్కించాల్సిన మనిషిని వదిలేసి ఎలా వెళ్తాను? సీటు వేరేవాళ్ళకిచ్చి, మూట కట్టుకుని నరసమ్మక్క ఇంటికే మారిపోయాను.

జ్వరం తగ్గాక నా అసలు పని మొదలైంది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కమనాలి. దీన్ని క్వాడ్రిసెప్స్ సెట్టింగ్ అంటారు, తొడ ముందు కండరాన్ని నిద్ర లేపడం అన్నమాట. తర్వాత రోజుకు కాస్త చొప్పున వంచడం. ఇప్పుడు ఆయన "నొప్పి" అనగానే నేను ఆపేవాణ్ణి. అనకపోతే ఇంకొంచెం వంచేవాణ్ణి. మా ఇద్దరికీ మధ్య మొదటిసారి నమ్మకమైన లెక్క కుదిరింది. కాలు పూర్తిగా వంగలేదు గానీ కుర్చీలో కూర్చునేంత, కారెక్కేంత వంగింది. అంత దూరం వస్తుందని డాక్టర్ సాబ్ కూడా అనుకోలేదు.

డిసెంబరులో విదేశీయులందరినీ వదిలేస్తున్నామని ప్రకటన వచ్చింది. డంకన్ కర్ర సాయంతో సొంత కాళ్ళ మీద గేటు దాటాడు. వెళ్ళే ముందు వంటింట్లోకి వెళ్ళి నరసమ్మక్క ఎదుట నిలబడ్డాడు. ఆమె జొన్న రొట్టెలు గుడ్డలో చుట్టి చేతిలో పెట్టి, దారిలో తినమని సైగ చేసింది. కారు మలుపు తిరిగేదాకా ఆమె గేటు దగ్గరే ఉంది. ఆ రోజు మా ఇద్దరికీ అన్నం సయించలేదు.

యుద్ధం ముగిశాక మామా కైరో నుంచి వచ్చింది. మాటిచ్చినట్టే నేనే అన్నీ చెప్పాను. ఆమె పిల్లల గదిలోకి వెళ్ళి, ఆ చిన్న మంచాన్నీ దాని పక్కనున్న స్టూలునీ చూసి, కిందికి వచ్చి నరసమ్మక్కను కావలించుకుంది.

క్లబ్బు మళ్ళీ తెరిచారు. కొత్త కోచ్ వచ్చాడు. డంకన్ తన ఊళ్ళో పిల్లల జట్టుకు ఆట నేర్పుతున్నాడని ఎవరో చెప్పారు. ఒకనాడు ఆఫీసులో నాకు ఫోనొచ్చిందని పిలిచారు. ఆయనే. క్షేమ సమాచారాలయ్యాక మోకాలు ఎలా ఉంది కోచ్ అని అడిగాను. వృత్తి అలవాటు, అడిగాను గానీ వచ్చే జవాబు నాకు తెలుసనే అనుకున్నాను.

"పొద్దున్నే నొప్పి, ఖాదర్," అన్నాడు. "చలికాలం మరీ. బయటి వైపు, ఆ డాక్టరు గుచ్చిన చోటుకి కొంచెం కింద. బూటు వేసుకోవడానికి వంగలేను. మా అమ్మాయి కడుతుంది లేసులు."

ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఎక్కడ పట్టేస్తుంది, ఎప్పుడు లాగుతుంది, ఏ మెట్టు దగ్గర భయమేస్తుంది, పిల్లలతో మైదానంలో నిలబడితే సాయంత్రానికి ఎంత వాస్తుంది. అంత దూరం నుంచి ఫోను చేసి, నిమిషం నిమిషానికీ డబ్బు కాలిపోతుంటే, ఒక మనిషి తన నొప్పి గురించి పూసగుచ్చినట్టు చెప్పుకుంటున్నాడు. ఆఫీసులో వాళ్ళు నా వైపు వింతగా చూస్తున్నారు. నేను ఒక చేత్తో రిసీవరు పట్టుకుని, ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాను. నొప్పిని తగ్గించడమే నా పని అని అప్పటిదాకా అనుకున్నాను. అంతకంటే ముందు, దాన్ని చెప్పుకోవడానికి మనిషికి ఒక మనిషి దొరకాలని ఆ కేసు నేర్పింది. నా మొత్తం ఉద్యోగంలో, ఒక పేషెంటు నొప్పి అంటుంటే నాకు అంత సంతోషం వేసింది ఆ ఒక్కసారే.